దద్దుర్లకు వినకూడని సలహాలు

బెంగళూరు కాడుగోడిలో ఒంటిమీద దద్దుర్లు లేచాయంటే సలహాలకు కొదవుండదు. కన్నడ పొరుగావిడ "పిత్తద గంధె" అని తేల్చి, కుండీలోని దొడ్డపత్రె (వామాకు) తెంపి రసం పూయమంటుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చిన అత్తగారు గొంగళితో ఒళ్ళంతా రుద్దుకోమంటుంది. మందుల షాపతను రెండు మాత్రలు కత్తిరించి చేతిలో పెడతాడు. అందరిదీ ప్రేమే, సలహాలు మాత్రం చాలావరకు తప్పు. అయినా అవి తరతరాలుగా నిలిచాయంటే కారణం ఒక్కటే: దద్దురు దానంతటదే పోతుంది. ఒక్కొక్కటి మామూలుగా 24 గంటల్లోపే మచ్చయినా మిగల్చకుండా మాయమవుతుంది. ఆలోపు ఏది పూస్తే దానికే పేరు.

ముందు అవి దద్దుర్లేనా అని చూసుకోండి. మన చామనఛాయ ఒంటిమీద ఎర్రదనం అంతగా కనబడదు. చర్మం రంగులోనే ఉబ్బి, విపరీతంగా దురద పెడతాయి. ఒకదాని చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి, టైమ్ రాసిపెట్టండి. మర్నాటికి గీత మిగిలి, లోపలి ఉబ్బు పోయి, కొత్తవి ఇంకోచోట లేస్తే అవి దద్దుర్లే. రోజు దాటినా అక్కడే ఉండి, దురద కన్నా నొప్పి ఎక్కువై, కమిలినట్టు మచ్చ పడితే అది వేరే సంగతి, చర్మవైద్యులకు చూపించాలి. దద్దుర్లు అంటుకునేవి కావు. పిల్లల్ని వేరుగా పడుకోబెట్టమనే సలహా కూడా వినక్కర్లేదు.

గొంగళి విషయానికొస్తే, దద్దురు లేచేది చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ విడుదల చేయడం వల్ల. కొందరికి గోటితో గీసినా చాలు, నిమిషాల్లో ఆ గీత వెంబడే చర్మం ఉబ్బుతుంది. అలాంటి ఒంటిని ముతక ఉన్నితో రుద్దితే ఉన్నవాటికి కొత్తవి తోడవుతాయి. సలసల కాగే నీళ్ళ స్నానమూ అంతే, దురద పెంచుతుంది. తడిగుడ్డ వేసుకోండి, కాలమైన్ లోషన్ రాసుకోండి, వదులుగా ఉండే నూలు బట్టలు కట్టుకోండి. దొడ్డపత్రె బజ్జీలకు భేషైన ఆకు. గోకి గోకి పుండైన చోట దాని రసం పూస్తే మంట తప్ప మరేమీ లేదు.

ఇక పథ్యాలు. వంకాయ మానెయ్, గుడ్డు మానెయ్, చేప ముట్టకు అంటారు. తిండి పడకపోతే మామూలుగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే, తిన్న ప్రతిసారీ లేస్తాయి. అలా జరగనప్పుడు నోరు కట్టుకోవడం దండగ. పిల్లల్లో ఎక్కువసార్లు మూలం జలుబు, జ్వరం తెచ్చే వైరస్. పెద్దవాళ్ళు నిన్నటి వంకాయను తిడతారు గానీ, ఒళ్ళునొప్పులకు వేసుకున్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్ర వాళ్ళకు గుర్తే రాదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ మాత్ర పేరే మొదట చెప్పండి. ఆరు వారాలు దాటీ వస్తుంటే దాన్ని దీర్ఘకాలికం అంటారు. అందులో చాలామందికి బయటి కారణమేదీ దొరకదు, సొంత రోగనిరోధక వ్యవస్థే మాస్ట్ కణాలను రెచ్చగొడుతుంటుంది. వేలు పోసి వందరకాల తిండ్లకు అలర్జీ టెస్టు చేయించుకొమ్మనే సలహా వీళ్ళకు అసలు పనికిరాదు.

షాపతని మాత్రల్లో ఒకటి తరచుగా స్టెరాయిడ్ అయి ఉంటుంది. గంటల్లో హాయినిస్తుంది కాబట్టే భయం: మళ్ళీ మళ్ళీ మింగితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. పాతకాలపు అలర్జీ మాత్ర అవిల్‌తో మత్తు కమ్ముతుంది. అది వేసుకుని హోప్ ఫామ్ జంక్షన్ రద్దీలో బండి నడపడం ప్రాణాలతో చెలగాటం. సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటివి మేలు. సెటిరిజిన్‌తోనూ కొందరికి నిద్ర వస్తుంది, చూసుకోండి. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పసిపిల్లలు డాక్టరును అడగకుండా ఏదీ వేసుకోవద్దు. దీర్ఘకాలిక దద్దుర్లకు దురద లేని రోజు కూడా సెటిరిజిన్ వంటి అలర్జీ మాత్ర మానకూడదు. మామూలు మోతాదుకు లొంగకపోతే డాక్టరు నాలుగు రెట్ల వరకూ పెంచగలరు, అదీ చాలకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. ఖర్చుకు వెనకాడి షాపు మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్ళు గుర్తుంచుకోండి, వైట్‌ఫీల్డ్‌లోని శ్రీ సత్యసాయి జనరల్ ఆస్పత్రిలో వైద్యం ఉచితం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా "కాసేపు ఓర్చుకో, అదే తగ్గుతుంది" అన్నది. దద్దుర్లతోపాటు నాలుకో గొంతో వాచినా, మాట బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులై కళ్ళు తిరిగినా అది అనఫిలాక్సిస్, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. అప్పుడు కావలసింది తొడ కండకు అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర ఆ పని చేయలేదు. మనిషిని నిలబెట్టకండి, నడిపించకండి, బండి వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టండి, ఆయాసమైతే కూర్చోనివ్వండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.