టాంకు కింది కాక్ ఎవరు తిప్పుతారు?

బోరు లారీలు ఊరూరా తిరగకముందు కళ్యాణదుర్గం పల్లెల్లో బావి లోతు చేయాలంటే ట్రాక్టర్ కంప్రెసర్ రావాల్సిందే. నేను నడిపింది దాన్నే. ట్రాక్టర్ వెనక పిస్టన్ మిషను, పక్కన టాంకు, అక్కణ్ణించి బావిలోకి రబ్బరు పైపు, దాని కొసన జాక్ హామర్. బండకు బొక్కలేసి, మందు కూరి పేల్చేవాళ్ళు.

సాయంత్రం ఇంజను ఆపాక, టాంకులో ఇంకా కాస్త గాలి ఉండగానే మా మేస్త్రి కింది కాక్ తిప్పేవాడు. బుస్సుమంటూ తుప్పు రంగు నీళ్ళు పడేవి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంబరపడే సీమలో ఈ నీళ్ళెక్కడివని కొత్తలో నాకు అంతుబట్టేది కాదు. ఏడు కిలోల ప్రెషరంటే ఎనిమిది టాంకుల గాలిని ఒక్క టాంకులో కుక్కడం. ఎంత ఎండు గాలిలోనైనా కాస్త తేమ ఉంటుంది. ఎనిమిదింటి తేమా ఒకచోట చేరి, గాలి చల్లారగానే నీళ్ళై అడుక్కి దిగుతుంది. వదిలేస్తే ఆ నీళ్ళే పైపు వెంట పోయి హామర్‌లోని నూనె పొరను కడిగేస్తాయి. పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది.

అందుకే హామర్‌కు కాస్త ముందు, పైపు మధ్యలో నూనె డబ్బా బిగించేవాళ్ళం. గాలి పోతూ పోతూ నూనెను తుంపరగా లాక్కుపోవాలి. అందుతోందో లేదో చూడ్డానికి మేస్త్రి హామర్ గాలి వదిలే రంధ్రం ముందు బీడీ కట్ట కాగితం పట్టేవాడు. కాగితం మీద సన్నగా జిడ్డు చుక్కలు పడితే సరే. పడకపోతే పని ఆగాల్సిందే, రైతు ఎంత తొందరపెట్టినా.

కంప్రెసర్ నూనె సంగతి వేరు. కనెక్టింగ్ రాడ్ అడుగున చెంచాలాంటి ముక్క ఉంటుంది, తిరిగినప్పుడల్లా నూనెను చిమ్మి బేరింగులను, సిలిండర్ గోడలను తడుపుతుంది. నూనె తగ్గితే చెంచాకు అందదు. ఎక్కువైతే రింగులు దాటి పైకెక్కి, వేడి వాల్వుల మీద మాడి మసి కడుతుంది. గాజు బిళ్ళలో సగానికి కనబడాలి, అంతే. ఇప్పుడు లారీ ఇంజనులోంచి తీసిన పాత ఆయిలే పోస్తున్నారు. చూస్తే నా కడుపు రగులుతుంది.

ఇప్పటి బోరు లారీల స్క్రూ మిషన్లను నేను తప్పు పట్టను. నూనె ఆ మరల మధ్యకే చిమ్ముతుంది. సందులు మూసేదీ, వేడి లాగేదీ అదే. తర్వాత సెపరేటర్ దాన్ని గాలిలోంచి విడదీసి వెనక్కి పంపుతుంది. వేడి మితిమీరితే మిషను దానంతటదే ఆగుతుంది. అయినా మా ఎర్ర దుమ్ముకు ఫిల్టర్ దులిపే చెయ్యి కావాలి కదా! అబ్బాయిలు స్క్రీన్ మీది అంకె చూసి ఊరుకుంటారు.

మొన్న ఎండాకాలంలో ఊళ్ళో ఒక షెడ్డులో గాలి లైనుకు నీళ్ళ పీవీసీ పైపు వేశారు. మధ్యాహ్నం అది పగిలింది. నీళ్ళ పైపు పగిలితే కారుతుంది. గాలి పైపు పగిలితే పెంకులు కత్తుల్లా ఎగురుతాయి. పనిచేసే పిల్లోడికి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి, కన్ను వెంట్రుకవాసిలో తప్పింది. మేమైతే ఇనుప పైపే వేసేవాళ్ళం. నీళ్ళు కొసకు జారేలా నూరడుగులకు ఒక అడుగు వాలు, కొసన ఒక కాక్. కొళాయిలకు గొట్టం లైను పై నుంచి తీసి కిందికి వంచేవాళ్ళం, నీళ్ళు అటు పోకుండా.

నేను వెళ్ళి గట్టిగా అరిచాక ఇనుప పైపులు వేశారు. టాంకు కింది కాక్ మాత్రం ఎవరూ తిప్పడం లేదు. రోజూ సాయంత్రం నడకకు పోయి నేనే తిప్పి వస్తున్నాను.