కిక్కుపర్వం

రాత్రంతా కురిసిన వాన తెల్లవారి వెలిసింది. కాకినాడ గాంధీనగరంలోని ఆ సందున పొంగిన మురుగుకాలువలు మహానదీగర్వంతో ఉరకలెత్తుతుండగా, ఇడ్లీపాత్రల ఆవిర్లు హోమధూమాలై పైకెగయగా, ఇంటింటా అంట్లచప్పుడు రణభేరీభాంకారమై మోగగా, ఉదయం ఎనిమిదిన్నరకు పక్కింటి బాబాయిగారు వీధిగుమ్మాన సాక్షాత్కరించారు. శిరసున హెల్మెట్ కిరీటం, కుడిచేత క్యారేజీ గదాదండం, మోకాలిదాకా మడిచిన పాంటు. ఎదుట పట్టా కప్పుకుని, తడిసి, బిగుసుకుని, ప్రళయకాలకూర్మంలా కదలిక లేని పాత టూ-స్ట్రోక్ స్కూటరు.

పట్టా తొలగింది. మహావీరుడు రథాన్ని రెండు చేతులా ఒడిసి పక్కకు వంచారు. ఆయిలు కలిసిన పెట్రోలు ట్యాంకు గర్భాన గలగలమంది. నిటారుగా నిలిపి, చోక్ లాగి, దక్షిణపాదాన్ని వామనుడిలా పైకెత్తి కిక్కురాడ్‌పై మోపారు.

కిర్ర్‌ర్.

"దీని జిమ్మడ!"

అది కేవలం శంఖనాదం. యోధుడు గొంతు సవరించుకోవడమే తప్ప అందులో ఆగ్రహం లేదు. రెండో తాపుకు "దీని దుంప తెగ!" వెడలింది, గోడమీది కాకి ఎగిరింది. మూడో తాపుకు "దీని సిగ తరగ!" అని గర్జిస్తే ఎదురింటి మామ్మగారు ముగ్గుచిప్ప చేతబట్టుకునే అరుగెక్కి ఆసీనురాలయ్యారు. కురుక్షేత్రానికి సంజయుడు ఎలాగో ఈ సమరానికి ఆవిడ అలాగ.

ఇక్కడొక మాట. బాబాయిగారి తూణీరంలో బూతు లేదు, ఉన్నవన్నీ శాపాలే. బహిరంగస్థలంలో అశ్లీలం పలికి ఇతరులకు చిరాకు తెప్పిస్తే 3 నెలల దాకా ఖైదో, 1,000 రూపాయల దాకా జరిమానాయో, రెండూనో అనే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ఆయన గుమ్మందాకా వచ్చి చేతులు కట్టుకుని వెనుదిరగాల్సిందే. ఇంగ్లీషు సినిమాల్లో ఏరుకున్న ఒకే ఒక్క ముక్కతో ట్రాఫిక్‌నూ పరీక్షనూ ప్రేమనూ తిట్టుకునే నేటి కుర్రకారును చూస్తే నాకు జాలేస్తుంది. ఒక్క బాణంతో ఎన్ని యుద్ధాలని చేస్తారు పాపం!

యుద్ధం ముదిరింది. స్పానర్ దిగింది. మసిబారిన స్పార్క్‌ప్లగ్గు, చెర విడిచిన రాక్షసుడిలా నల్లగా బయటపడింది. దానిని గరుకుకాగితంతో రాచి, ఉఫ్‌ఫని ఊది, సూర్యభగవానుడికి చూపి, మళ్లీ బిగించి, సర్వశక్తులూ కూడగట్టి తన్నారు. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

అంతే! ఆనకట్ట తెగిన గోదావరిలా, కట్లు తెంచుకున్న ఐరావతంలా, నోరు విప్పిన నూరు పిడుగుల్లా వాగ్ఝరి పొంగింది. "దీన్ని తగలెయ్య! దీన్ని బాగుచేసినవాడి చేతులు పడిపోను! వాడి దగ్గరకు తోలుకెళ్లిన నా కాళ్లు విరగ! దీన్ని కొనమన్న మా బావగారి నోట్లో మన్నుబడ!" లోపలినుంచి పిన్నిగారు, "పొద్దున్నే ఆ నోరేమిటండీ, మా అన్నయ్యేం చేశాడు మధ్యలో!" అని అంతఃపురనిషేధం జారీచేశారు. అస్త్రాలు ఆగలేదు.

వేములవాడ భీమకవి తిడితే అది జరిగి తీరేదని కథలు చెబుతాయి. బాబాయిగారి తిట్టు ఒక్కటీ ఫలించదు; ఫలించి ఉంటే మెకానిక్కు, బావగారు, కార్పొరేషన్ వారు, కరెంటు వారు, పేపరు కుర్రాడు ఎప్పుడో గతించి, సందంతా సంతాపసభలతో నిండిపోయేది. శిశుపాలుడికి శ్రీకృష్ణుడు నూరు తప్పులవరకే గడువిచ్చాడు. ఈ స్కూటరు ఏనాడూ లెక్కపెట్టలేదు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టిన భక్తులు అమ్మవారినే నోరారా తిడతారు, ఆ తిట్లకు తల్లి ప్రసన్నురాలవుతుందంటారు. ఇనుముకు కూడా అటువంటి మనసే ఉంటుందేమో! లేకుంటే "నీ అమ్మ కడుపు మాడ!" అన్న పిలుపు చెవిన పడగానే ఆ మొండిది భగ్గున ఎలా పలికింది? పటపటపటపటమని నీలిపొగ మేఘమండలమై లేచింది, కిటికీలు కంపించాయి, కుక్కలు మొరిగాయి, మామ్మగారు కొంగుతో ముక్కు మూసుకుని జయజయధ్వానం చేశారు.

విజయదరహాసంతో బాబాయిగారు గేరు వేసి కదలబోతున్నారు. అరుగుకింద మూడుచక్రాల సైకిల్ మీద మూడేళ్ల మనవడు. చక్రం బురదలో దిగబడింది. వాడు దిగి, చెడ్డీ సర్దుకుని, కుడికాలెత్తి సైకిల్‌ను ఒక్కతాపు తన్నాడు.

"దీని దుంప తెద!"

బాబాయిగారి ముఖం తామ్రవర్ణమయింది. "ఎవరే వీడికీ మాటలు నేర్పింది? వాడి జిమ్మడ!" అని గర్జిస్తూ గిరుక్కున వెనుదిరిగేసరికి, క్లచ్ చెయ్యి జారి ఇంజన్ కాస్తా టక్కున ఆగిపోయింది.

మామ్మగారు ముగ్గుచిప్ప పక్కనపెట్టి, మఠం వేసుకుని కూర్చున్నారు.