మాగాయ ఊటలో స్టీలు గిన్నె

కోనసీమలో ఒక ఇంటికి సారె సామానుతో వచ్చిన స్టీలు గిన్నెను నేను. అంచు కింద కోడలి పొడి అక్షరాలు, పెళ్లి తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. పేర్లు చెక్కే మిషను సూది దిగిన ప్రతి చోటా నా పైపొర చిట్లింది, గాలి తగలగానే మళ్లీ అల్లుకుంది. నా బతుకంతా ఆ పొరలోనే ఉంది.

నన్ను తుప్పు ఎరగని లోహం అంటారు. కానీ నా ఒంట్లో నూటికి 70 పాళ్లు ఇనుమే. 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్. బజారులో నన్ను 304 రకం అంటారు. గాలిలోని ఆక్సిజన్‌ను నాలోని క్రోమియం చప్పున పట్టుకుని ఆక్సైడ్ పొరగా పరుచుకుంటుంది. దాని మందం ఒకటి నుంచి మూడు నానోమీటర్లు. అంత పలుచన కాబట్టి కంటికి కనిపించదు, మీరు చూసే మెరుపు దాని అడుగునున్న లోహానిది. పీచు పెట్టి తోమినా, గరిటె గీసుకున్నా పొర పోతుంది, ఆక్సిజన్ అందితే వెంటనే వస్తుంది. ఎప్పటికప్పుడు ఆక్సిజన్‌తో కలవడమే నన్ను కాపాడుతోంది.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1913లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం క్రోమియం కలిపిన ఉక్కు పోతపోయించాడు. ఆ ఉక్కు వెనిగర్‌కూ నిమ్మరసానికీ చెక్కుచెదరలేదు. పులుపుకు తట్టుకునే గుణం మా వంశంలో మొదటి నుంచీ ఉంది. చారు, పులుసు, సాంబారు ఎన్ని కాచినా నాకేమీ కాలేదు.

ఒక వేసవిలో మామిడికాయ విరివిగా వచ్చి మాగాయకు పింగాణీ జాడీ చాలలేదు. తొక్క తీసిన ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, మిగిలినవి నాలో వేసింది కోడలు.

"అమ్మాయ్, ఊట జాడీలోనే ఉండాలి, స్టీలులో ఉంచకూడదే," అంది అత్తగారు.

"మూడు రోజులేగా అత్తయ్యా, స్టీలుకేమవుతుంది!"

మూడో రోజున ముక్కలు పిండి చాపల మీద ఆరబోశారు. ఊటను నాలోనే ఉంచి డాబా మీద ఎండలో పెట్టారు. కరగని కల్లుప్పు నా అడుగున మేట వేసింది.

పులుపు ఒక్కటే అయితే నేను ఓర్చుకోగలను. ఉప్పులోని క్లోరైడు తోడైతేనే కష్టం, ఎండ వేడికి అది మరీ ఉధృతమవుతుంది. నా లోహంలో అక్కడక్కడా మాంగనీసు సల్ఫైడ్ రేణువులు చిక్కుకుని ఉంటాయి. వాటి అంచుల్లో పొర బలహీనం. క్లోరైడు అక్కడే దూరింది. ఉప్పు మేట కిందకు ఆక్సిజన్ అందక, చిట్లిన పొర తిరిగి అల్లుకోలేదు. లోపలి ఇనుమూ క్రోమియమూ కరిగాయి. ఆ లోహపు అయాన్లు నీటితో కలిసి ఇంకా ఆమ్లాన్ని పుట్టించాయి, వాటి ధనావేశం మరింత క్లోరైడును లాక్కుంది. గుంట తనకు కావలసిన విషాన్ని తానే తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. అంతకన్నా బాధాకరమైన సంగతి ఒకటుంది. చుట్టూ మెరుస్తూ ఉన్న నా ఒళ్లే ఆ గుంటలో వెలువడే ఎలక్ట్రాన్లను అందుకుని, ఆ తవ్వకాన్ని సాగనిచ్చింది. ఒళ్లంతా సమంగా అరిగితే ఎవరి కంటికైనా ఆనేది. సూదిమొన అంత చోట లోతుకు దిగేసరికి ఎవరికీ తెలియలేదు.

ఊట వంచి, కడిగి చూస్తే అడుగున గోధుమరంగు మచ్చలు. కోడలు వేలితో తడిమింది. గోరుకు చిన్న గుంటలు తగిలాయి.

"నకిలీ స్టీలు అంటగట్టాడేమో అత్తయ్యా!"

"మంచి గిన్నే. అందుకేగా జాడీ అన్నాను," అంది ఆవిడ. ఆ మాట నాకెంతో ఊరటనిచ్చింది. పింగాణీలో క్లోరైడుకు కరిగే లోహం లేదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఏళ్ల తరబడి ఊరగాయలు పెట్టిన చేతికి తెలిసిన సంగతి అది.

మా వంశంలోనే 316 అనే మరో రకంలో రెండు మూడు పాళ్లు మాలిబ్డినం ఉంటుంది, దాని పొర క్లోరైడును నాకన్నా గట్టిగా ఎదుర్కొంటుంది. దానికీ నిలవున్న సముద్రపు నీట్లో గుంటలు పడతాయి. అందుకే సముద్రపు నీటితో చల్లబరిచే యంత్రాల్లో టైటానియం గొట్టాలు వాడతారు. మరో ముచ్చట చెప్పాలి. ఫ్యాక్టరీల్లో మా పొరను గట్టిపరచడానికి సిట్రిక్ ఆమ్లంతో కడుగుతారు. అది నిమ్మకాయలో ఉండే ఆమ్లమే. మా మీద అంటుకున్న ఇనుప రజనును అది కరిగించి తీసేస్తుంది, క్రోమియం పొర శుభ్రంగా ఏర్పడుతుంది. ఉప్పు లేనప్పుడు పులుపు మాకు మేలే చేస్తుంది.

పడిన గుంటలు పూడవు. వాటిలో ఇరుక్కున్న ఉప్పు పోయేదాకా కోడలు నన్ను వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి బోర్లించకుండా గాలికి ఆరబెట్టింది. ఆ మచ్చలు మళ్లీ ముదరలేదు. ఇప్పుడు నాలో పులుసు కాస్తుంది, రాత్రికి మిగిలితే గాజు గిన్నెలోకి వంచేస్తుంది.