టికెట్టు ఉచితం, పిన్నీసు సొంతం

మొన్న చిల్లర కోసం మా ఆవిడ బ్యాగులో చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. తీసి చూస్తే పిన్నీసు. చీర కుచ్చిళ్ళకి పెట్టుకునే బుల్లిది కాదు, పెద్దది. మొన విప్పే ఉంది.

"ఇదెందుకు?" అన్నాను, వేలు చప్పరిస్తూ.

నన్ను ఎగాదిగా చూసింది. "బస్సుకి."

"ఎప్పట్నుంచి?"

"ఏడో తరగతి నుంచి."

మాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆ బ్యాగులో ఏ అరలో ఎంత చిల్లర ఉంటుందో నాకు తెలుసు. పిన్నీసు సంగతి తెలీదు. ఇంత పరిశీలనాశక్తి ఉన్నవాణ్ణి కాబట్టే కాబోలు, సమాజం మీద వ్యాసాలు రాస్తుంటాను.

2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. పథకం పేరు స్త్రీశక్తి. సంతోషం. టికెట్టు సర్కారు ఖర్చు. పిన్నీసు మాత్రం సొంత ఖర్చు. అది ఏ మేనిఫెస్టోలోనూ ఉండదు. ఉండాలంటే బస్సులో పిన్నీసుతో పనిబడుతుందని ముందు ఒప్పుకోవాలి కదా? ఎవరొప్పుకుంటారు?

సత్యవేడు బస్టాండు దగ్గర నేను రోజూ టీ తాగే కొట్టు ఒకటుంది. కొట్టు పెద్దాయన మంచివాడు. అడక్కుండానే నాకు చక్కెర తగ్గిస్తాడు. అత్యాచార సంస్కృతి అంటారు కదా, మన ఊళ్ళో ఉందంటావా అని ఆయన్నే అడిగాను. పాలగిన్నె దించి నావైపు జాలిగా చూశాడు.

"అవన్నీ ఢిల్లీలో సామీ. మన పక్క అట్లాంటివి యాడుండాయి?"

ఆయన్నని ఏం లాభం? అసలా మాట వింటేనే మనకి ఒళ్ళు మండుతుంది. సంస్కృతి అంటే కాళహస్తి కలంకారీ, కూచిపూడి, తిరుమల బ్రహ్మోత్సవం. దాని పక్కన ఆ పాడు మాటేంటి? అత్యాచారమంటే అర్ధరాత్రి, చీకటి రోడ్డు, ముఖానికి గుడ్డ కట్టుకున్న నలుగురు. మనిళ్ళల్లో ముఖానికి గుడ్డలెవరు కట్టుకుంటారండీ?

ఆయన ఆ మాట అన్నప్పుడు టైము తెల్లవారుజామున ఐదున్నర. శ్రీసిటీ కంపెనీ బస్సు కోసం రోడ్డవతల పదిహేనుమంది ఆడపిల్లలు నిలబడున్నారు. మెడలో ఐడీ కార్డులు, చేతుల్లో టిఫిన్ బాక్సులు. వీధిదీపం వెలుతురు పడే నాలుగడుగుల జాగాలో ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు. చలికి కాదు, అది మే నెల. కొట్టు ముందు బెంచీ మీద నలుగురు పిలకాయలు. ఒకడు పాట అందుకున్నాడు. ఇంకొకడు బస్సు నంబరు అడుగుతున్నట్టు మొదలెట్టి ఫోను నంబరు దగ్గరికొచ్చాడు. మూడోవాడు వాట్సాప్ చూస్తున్నట్టు సెల్లు నిలువునా పైకెత్తాడు. వాడు చూస్తున్నది వాట్సాప్ కాదు.

శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షియోమీ ఫోన్లు తయారు చెయ్యడం మొదలెట్టింది. వాటిని బిగించింది ఎక్కువగా ఇలాంటి ఆడపిల్లలే. మహిళా సాధికారత అని అప్పుడు తెగ మురిసిపోయాం. ఫోను బిగించేది వాళ్ళు. ఆ ఫోనుతో దొంగచాటుగా ఫోటో తీసేది వీళ్ళు. 'మేక్ ఇన్ ఇండియా' అంటే ముడిసరుకు నుంచి వాడకం దాకా అన్నీ ఇక్కడే జరగాలి మరి!

"ఏందయ్యా ఇది?" అన్నాను పెద్దాయనతో.

"వయసు పిలకాయలు సామీ. సరదా."

"మరి ఆ ఆడపిల్లలకి?"

"ఆకొచ్చి ముల్లు మీద పడినా, ముల్లొచ్చి ఆకు మీద పడినా..." అని సామెత అందుకున్నాడు. సేద్యం చేసిన మనిషి. చేలో కంప మొలిస్తే కొడవలి తీసుకుని దేన్ని నరుకుతావయ్యా, ఆకునా, ముల్లునా? అడిగాను. నవ్వేశాడు. నవ్వుతున్నాడు కదాని ఇంకోటి అంటించాను. "ఇంటికెళ్ళి మీ ఆడవాళ్ళ బ్యాగుల్లో పిన్నీసుందేమో కనుక్కో."

"పిన్నీసా?" ఇంకా నవ్వాడు.

ఊరికి ఈ విషయం అసలు పట్టదని కాదు. పట్టింది. 2024 సెప్టెంబరు 5న. సత్యవేడు ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలం తనపై లైంగిక దాడి చేశారని ఆయన పార్టీ కార్యకర్త ఒకామె హైదరాబాదులో విలేకరుల ముందు ఆరోపించారు. టీడీపీ ఆ రోజే ఆయన్ని సస్పెండ్ చేసింది. తిరుపతిలో కేసు నమోదైంది. ఇదంతా కుట్ర అన్నారాయన. ఆ నెల ముగిసేలోపే హైకోర్టు కేసు కొట్టేసింది. చట్టం లెక్కలో అది అక్కడితో సరి. ఆయన గురించి నా మాటా అక్కడితో సరి. నేను చెప్పేది ఆ నెలంతా బెంచీ మీద కూర్చున్న మన గురించి.

మన మొదటి ప్రశ్న ఏంటి? నిజమా, అబద్ధమా అనా? కాదు. "వీడియో ఉందా?" రెండో ప్రశ్న: "బ్లర్ చెయ్యనిది ఉందా?" మూడోది: "ఆమెది ఏ ఊరు, ఏం కులం?" నాలుగోది: "ఎనకాల ఎవురుండారు?" ఆయన 2019లో వైసీపీ తరఫున గెలిచారు. 2024లో టీడీపీ తరఫున గెలిచారు. దాంతో బెంచీకి పండగ. "మీవోడే కదా" అని వీళ్ళు. "మీరు పెంచినోడే కదా" అని వాళ్ళు. కబడ్డీ కబడ్డీ. నిజానిజాలు తేల్చడం కోర్టు పని, బెంచీ పని కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ నాలుగు ప్రశ్నల్లో నిజం తేల్చడానికి పనికొచ్చేది ఒక్కటైనా ఉందా?

అప్పుడు కొట్టుకి పాలు పోసేది ఓ పదహారేళ్ళ పిల్ల. క్యాను దించి, డబ్బులు లెక్కపెట్టుకునేదాకా అక్కడే నిలబడేది. అన్నీ వినేది. రేపు ఆ పిల్లకేదన్నా జరిగితే ఎవరికి చెప్పుకుంటుంది? మనకా? వీడియో లేకపోతే నమ్మం. ఉంటే చూస్తాం.

ఇక నాయకులు. తెలుగునాట ఏ రెండు పార్టీలూ ఏ విషయంలోనూ కలవవు. ఇందులో మాత్రం ఎప్పుడూ అఖిలపక్షమే. 2012 డిసెంబరులో నిర్భయ కోసం దేశం రోడ్డెక్కింది. స్వాతంత్ర్యం అర్ధరాత్రి వచ్చిందని ఆడవాళ్ళు అర్ధరాత్రి తిరుగుతారా అన్నారు అప్పటి పీసీసీ అధ్యక్షుడు బొత్స సత్యనారాయణ. 2017 ఫిబ్రవరిలో అమరావతిలో జాతీయ మహిళా పార్లమెంటు పెట్టారు. పెట్టిన స్పీకర్ కోడెల శివప్రసాదరావుగారే ఆడవాళ్ళని వాహనంతో పోల్చారు. షెడ్డులో ఉంటే ప్రమాదం జరగదట. 2022 మేలో రేపల్లె రైల్వే స్టేషన్లో పొట్టకూటి కోసం వలస వెళుతున్న గర్భిణిపై సామూహిక అత్యాచారం జరిగింది. నిందితులు ఆ ఉద్దేశంతో రాలేదు, దొంగతనానికొచ్చారు అని వివరణ ఇచ్చారు అప్పటి హోం మంత్రి తానేటి వనిత. అంటే అనుకోకుండా జరిగిపోయిందన్నమాట. తిరుపతి బస్సనుకుని పుత్తూరు బస్సెక్కినట్టు! కాంగ్రెస్, టీడీపీ, వైసీపీ. జెండాలు మూడు, పాట ఒకటే. విమర్శలొచ్చాక సర్దుబాట్లు, వివరణలు మామూలే.

సినిమావాళ్ళని వదిలేస్తే నొచ్చుకుంటారు. 2016 మార్చిలో ఓ ఆడియో వేడుక. సినిమా పేరు 'సావిత్రి', చూడండి ఖర్మ. తాను అమ్మాయిల వెంట ఊరికే పడితే అభిమానులు ఒప్పుకోరని, ముద్దయినా పెట్టాలని, లేదంటే కడుపైనా చెయ్యాలని వేదిక మీద సెలవిచ్చారు హీరో, హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ. తర్వాత క్షమాపణ చెప్పారు. కేరింతలు కొట్టిన హాలు మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ షెడ్డు మాట ఒకసారి పట్టి చూద్దాం. 2021లో దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 31,677. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ఇది. వందలో 96 కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. ఇంట్లోవాడు, పక్కింటివాడు, స్నేహితుడు, పనిచ్చినవాడు. అంటే బండికి దెబ్బ తగులుతున్నది ఎక్కువగా షెడ్డు చుట్టుపక్కలే. తాళంచెవి చేతిలో ఉన్నవాడి వల్లే. తెల్లదొరల చట్టాన్ని తరిమేశామని చెప్పి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి తెచ్చారు. దాని 63వ సెక్షన్లో తెల్లదొర రాసిన మినహాయింపు, వయసు హద్దు తప్ప, అలాగే కూర్చుంది. భార్యకి పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, మొగుడు బలవంతం చేసినా అది అత్యాచారం కాదు. షెడ్డుకి రంగేశారు, తాళం మాత్రం పాతదే.

మనకి కోపం రాదనడానికి వీల్లేదు. వస్తుంది. పూనకంలా వస్తుంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలిపై ఘోరం జరిగినప్పుడు వచ్చింది. డిసెంబరు 6న నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో పోతే పోలీసుల మీద పూలు చల్లాం. అవి చంపాలనే కాల్చిన కాల్పులని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చేసరికి పూలు ఎప్పుడో వాడిపోయాయి. 2019 డిసెంబరులోనే ఏపీ అసెంబ్లీ దిశ బిల్లు చేసింది. 21 రోజుల్లో తీర్పు. 21వ రోజంటే మనిళ్ళల్లో బారసాల. అదే జరిగింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, బిడ్డ పుట్టనేలేదు, పేరు మాత్రం పోలీస్ స్టేషన్లకీ యాప్‌కీ పెట్టేశారు. ప్రభుత్వం మారింది. 2025లో శక్తి యాప్ వచ్చింది. మళ్ళీ బారసాల. అటు విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపారు. ఆ కేసులో ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో పెట్టిన కుర్రాణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. 21 రోజులట!

ఏ పక్కవాళ్ళకి తెలియకపోయినా మన తిరుపతి జిల్లావాళ్ళకి అత్యాచార సంస్కృతి అంటే ఏంటో తెలియదంటే నేను నమ్మను. తిరుపతిలో ఏటా గంగమ్మ జాతర దేనికి చేస్తున్నాం? ఊరి ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడొకడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాడి కోసం ఆమె రోజుకో వేషం వేసుకుని వెతికింది. దొరకబట్టి తల నరికింది. అదీ కథ. అంటే చెరిచేవాడి తల తెగిందని వారంపాటు పండగ చేసుకునే గడ్డ మనది. మగవాళ్ళు చీరలు కడతారు, పూలు పెట్టుకుంటారు, బండవేషం కట్టి బూతులు తిడతారు. భుజాన పమిట వేసుకుని గుడికెళ్ళిన ఆ మగాడే జాతరయ్యాక ప్యాంటు తొడుక్కుని బస్సెక్కుతాడు. మా ఆవిడ బ్యాగులోని పిన్నీసు ఎవరికి గుచ్చుకుంటోంది మరి? ఢిల్లీ నుంచి ఎవరన్నా వచ్చి మన బస్సెక్కుతున్నారా?

ఆ కథలో నన్ను ఎప్పుడూ గుచ్చే ముక్క ఇంకోటుంది. పాలెగాడు బైరాగి వేషానికి బయటికి రాలేదు. బండవేషానికి రాలేదు, తోటివేషానికి రాలేదు. దొర వేషంలో వస్తే వచ్చాడు. పైవాడొచ్చాడనుకుని దండం పెడదామని వచ్చాడు. అమ్మవారంతటి ఆమెకే దొర వేషం కడితే తప్ప పని జరగలేదు. ఇక స్టేషను మెట్లెక్కిన మామూలు ఆడమనిషి మాట ఎవడు వింటాడు? దొర ఫోను చేస్తేనే కదా అక్కడ కాగితమూ కలమూ దొరికేది!

టీకొట్టు పెద్దాయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు గ్లాసు నా ముందు పెట్టి, ముఖం చూడకుండా అన్నాడు.

"మా ఇంట్లో ముగ్గురాడోళ్ళు సామీ. మూడుండాయి."

నేనేమీ అనలేదు.

"మనవరాలికి పదకొండేండ్లు. వాళ్ళమ్మే ఇచ్చిందంట."

రోడ్డవతల కంపెనీ బస్సు వచ్చి ఆగింది. బెంచీ మీదోడు పాట అందుకున్నాడు. పెద్దాయన పాలగిన్నె వైపే చూస్తూ నిలబడ్డాడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ పొద్దు నా టీలో చక్కెర తగ్గించడం మర్చిపోయాడు.