ఒక నర్సరీ బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: “ఇచ్చట సమస్త బహువార్షిక వన్య ఔషధ మొక్కలు, విత్తనములు సరసమైన ధరలకు లభించును.”

(జనగామ దాటాక ఒక నర్సరీ గేటు మీది శాసనం. కవి అజ్ఞాతుడు.)

టీక:

ఇచ్చట = తేలిక గనక వదిలేశాం.

సమస్త = లోపల ఉన్నవి గులాబీ, క్రోటన్, కాగితంపూలు, హైబ్రిడ్ బొప్పాయి. కనుక ‘కొన్ని’ అని లక్ష్యార్థం. ముఖ్యార్థానికి బాధ కలిగితే లక్షణను ఆశ్రయించమన్నారు ఆలంకారికులు. ఇక్కడ బాధ కొనేవాడికి కూడా కలిగింది.

వన్య ఔషధ = అమరసింహుడు అమరకోశం రెండో కాండలో వనౌషధులకు ఒక వర్గమే కేటాయించాడు. పిల్లిపీచరను శతమూలి అన్నాడు, బహుసుత అన్నాడు. అడవినాభిని అగ్నిశిఖ అన్నాడు. లింగాభట్టు వాటన్నిటినీ తెలుగులో విప్పి చెప్పాడు. మన తాతలు వీపులు చిట్లేదాకా వల్లె వేశారు. ఇందరిలో ఒక్కరైనా గింజ ఏ నెలలో ఏరాలో, ఎంత లోతున వేయాలో చెప్పిన పాపాన పోలేదు! కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి మీద మాకు కాస్త ఆశ ఉండేది, మెదకు సీమ కొల్చారం వాడు గదా అని. మూలంలో లేనిది రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మాకు ఆ ఒట్టు లేదు.

పిల్లిపీచర పండ్లు మాఘ ఫాల్గుణాల్లో ఎర్రబడతాయి. నలిపి గుజ్జు కడిగేస్తే నల్లని గట్టి గింజ దొరుకుతుంది. ఆరబెట్టి దాచి, తొలకరికి ఒక రాత్రి నానేసి, ఇసుక కలిపిన మట్టిలో పైపైనే వేయాలి. మొలవడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. అప్పుడు కూడా వచ్చేది వెంట్రుకంత తీగ. అడవినాభి ఇంకా మొండిది. గింజ నెలల తరబడి కదలదు, మొలిచాక పువ్వుకు మూడు నాలుగేళ్లు. గింజా దుంపా రెండూ విషమే, పిల్లలకు అందనీయొద్దు.

బహువార్షిక = ఇక్కడ వ్యాఖ్యాతకు కోపం వస్తోంది. వానలు వెళ్లాక అడవినాభి తీగ ఎండిపోతుంది, మట్టిలో దుంప పడుకుంటుంది, మళ్లీ తొలకరికి లేస్తుంది. ఇంత పెద్ద మాట బోర్డు మీద రాయించినవారు ఆ ముక్క నీళ్లు పోసే మనిషికి చెప్పలేదు. తీగ ఎండగానే చచ్చిందని కవరు తిరగేసి, అదే మట్టిలో బంతి నాటారు.

విత్తనములు = కుందేటి కొమ్ము. అడిగితే “ఆర్డర్ పెట్టాలె సార్” అన్నారు. ఎక్కడికో చెప్పలేదు. పోనీ అటవీ కళాశాలలో అడుగుదామంటే, అది ములుగులో ఉందని విని భూపాలపల్లి మనిషి పక్క జిల్లా ములుగుకు పోతే అంతే సంగతులు, అది ఉన్నది సిద్దిపేట ములుగులో. గింజ జాడ నిజంగా తెలిసింది గూడూరు, కొత్తగూడ, మహాముత్తారం, పలిమెల వైపు అడవి అంచు ఊళ్ల ఆడవాళ్లకు. కానీ కొనేవాళ్లు వాళ్లను గింజ అడగరు, గడ్డలు కిలోల లెక్కన అడుగుతారు. గడ్డంతా తవ్వేస్తే ఈ ఏడు పండు లేదు, పై ఏడు తీగే లేదు.

సరసమైన = బేరమాడినవారికే ఎరుక.

లభించును = తద్ధర్మమని వ్యాకర్తలు, భవిష్యత్తని మా అనుభవం.

తాత్పర్యం: నర్సరీ వారూ, వచ్చే ఫాల్గుణంలో ఒక మనిషిని ఆ అడవి అంచు ఊళ్లకు పంపండి. గడ్డకిచ్చే ధర గింజకివ్వండి. కవరు మీద మొక్క పేరూ, గింజ వేసిన నెలా రాయించండి. ఎండిన కవర్లను మాత్రం వానలు పడేదాకా ముట్టుకోకండి.