సుల్తాన్ బజార్‌లో సమీకరణాలు

పదో తరగతి పరీక్షలకు నలభై రోజులున్నాయనగా నేను రసాయన శాస్త్రం మీద యుద్ధం ప్రకటించాను. యుద్ధమన్నాక ముందు ఆయుధాలు కొనాలి. మా ఇల్లు హైదరాబాదు సుల్తాన్ బజార్ వెనక గల్లీలో. కోఠీ పుస్తకాల దుకాణాలు నాలుగడుగుల దూరం. ఆ దగ్గరితనమే నా కొంప ముంచింది.

మొదటిరోజు ఒక గైడు కొన్నాను. అందులో లేని ప్రశ్నలు ఇంకోదాంట్లో ఉన్నాయని రెండోరోజు ఇంకో గైడు. మూడోరోజు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో, ఎవరో ముందుతరం విద్యార్థి ఎర్రసిరాతో గీతలు గీసిన గైడు సగం ధరకే దొరికింది. సగం చదువు ఆయనే చదివిపెట్టాడని మురిసిపోయాను. ఇంటికొచ్చి చూస్తే మొదటి మూడు పేజీల్లో ప్రతి వాక్యం కిందా గీత ఉంది. నాలుగో పేజీ నుంచి పుస్తకం అచ్చాఫీసులోంచి అప్పుడే వచ్చినట్టుంది. ఆ మహానుభావుడూ నా బాపతే.

తర్వాత టైంటేబుల్. బడీచౌడీలో స్కెచ్‌పెన్నుల డబ్బా కొని, లిట్మస్ సంప్రదాయం ప్రకారం ఆమ్లాలకు ఎరుపు, క్షారాలకు నీలం కేటాయించాను. లోహ సంగ్రహణానికి బంగారు రంగు దొరక్క మళ్ళీ బజారుకెళ్ళాను. పట్టిక పూర్తయ్యేసరికి రెండురోజులు గడిచాయి. పోయిన ఆ రెండురోజుల్ని సర్దడానికి ఇంకో పట్టిక గీయాల్సి వచ్చింది.

ఇంట్లో గోల ఎక్కువని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్ళాను. 1901లో తెలుగు చదువుకోవడం కోసం పెద్దలు పెట్టిన గ్రంథాలయమది. పెద్దల ఆశయాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. రసాయన శాస్త్రం సంచిలోనే ఉంచి తెలుగు పత్రికలన్నీ చదివి వచ్చాను.

ఇక రాత్రిపూట చదువు. మా పేటకి నిద్రతో పాత చుట్టరికం ఉంది. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల వల్ల 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. మత్తు ఎక్కువైతే ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్నది వాళ్ళ తగువు. ముందు ఊపిరే అని వాళ్ళు తేల్చారు. నన్నడిగితే ముందు ఆగేది పేజీ తిప్పే వేలు. కర్బన సమ్మేళనాల పాఠం తెరిస్తే చాలు, క్లోరోఫాం అక్కర్లేకుండానే ఆ సంగతి రుజువయ్యేది.

పరీక్షకు పన్నెండు రోజులున్నాయనగా అమ్మ రంగంలోకి దిగింది. అమ్మ చదువు ఐదో తరగతి. కానీ సుల్తాన్ బజార్‌లో చీరలమ్మేవాళ్ళు అమ్మ గుమ్మం ఎక్కుతుంటేనే సర్దుకుని కూర్చునేవాళ్ళు. “అసలైన పట్టు, అక్కా” అంటే అమ్మ ఊరుకోదు. అంచులోంచి పోగు లాగి అగ్గిపుల్లతో కాలుస్తుంది. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు. కరిగి పూసలా ముద్దకడితే నైలాన్. ప్రయోగశాల లేకుండా నేను చూసిన మొదటి రసాయన పరీక్ష అదే.

“ఎంత చదివినవ్‌రా?”

“మూడుసార్లు అయిపోయిందమ్మా.”

అమ్మ గైడు తన ఒళ్ళోకి లాక్కుని మూసేసింది. “ఇనుముకు తుప్పెందుకు పడ్తది? చెప్పు.”

“తెలుసమ్మా... నోటికొస్తలేదు.”

“అద్దాల ఎనక చూసిన చీర నాదైతదారా? పైసలిచ్చి సంచిల ఏస్కుంటెనే నాది. నోటికి రానిది నీది గాదు.”

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఇదే సంగతి పరీక్షించి చూశారని. పాఠాన్ని మళ్ళీమళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగానే చెప్పారట. వారం గడిచాక మాత్రం, పుస్తకం మూసి గుర్తున్నది రాసి చూసుకున్నవాళ్ళే గెలిచారు. అమ్మ ఆ ముక్క చీరల కొట్లో తేల్చుకుంది.

మర్నాడు సమీకరణాలు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్ళు. ఎడంవైపు ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడివైపు ఒకటే. నేను తడుముకోకుండా నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద చిన్న ‘రెండు’ వేశాను. లెక్క కుదిరింది.

“గట్ల రెండేస్తె గవి నీళ్ళేనా?” అంది అమ్మ. అనుమానమొచ్చి గైడు తిప్పాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ అట. జుట్టు రంగు పోగొడుతుందట.

“మంచినీళ్ళడిగితె నెత్తి తెల్లగ చేసే మందిస్తివి! గాజులు తక్కువ పడితె ఇంకో డజను కొంటం. డజనంటె పదమూడని అంటమా?”

అంతే. అప్పటిదాకా మూడు గైడులకు చేతకానిది నా బుర్రకెక్కింది. డజన్లు ఎన్నైనా కొనవచ్చు, డజనును మార్చకూడదు. ఫార్ములా ముందు అంకె వేయొచ్చు, ఫార్ములా లోపల వేలు పెట్టకూడదు. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు. ఇటు రెండు నీటి అణువులు. ఇద్దరికీ చెల్లు!

మిగిలిన పదకొండు రోజులూ రోజుకో పాఠం. సాయంత్రం అమ్మ కూరగాయలు తరుగుతూ అడిగేది, నేను చెప్పేవాణ్ణి. చెప్పలేనిది రాత్రి చదివి, పొద్దున మళ్ళీ చెప్పాలి. సూచికల పాఠం చెబుతుంటే అమ్మ నవ్వింది. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయని హారతి పళ్ళెం పట్టిన ఏ ఇల్లాలికి తెలియదు? దాన్నే నేను ‘క్షారంతో సూచిక రంగు మారుట’ అని బట్టీ పడుతున్నాను.

పరీక్షలో ఆవర్తన పట్టిక ప్రశ్న వచ్చింది. 1869లో మెండలీవ్ తన పట్టికలో కొన్ని గళ్ళు ఖాళీగా వదిలేశాడు. వాటిలో రాబోయే మూలకాలకు తర్వాత సంస్కృతంలోంచి ‘ఏక’ తెచ్చి ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని పేర్లు కూడా పెట్టాడు. 1875లో గాలియం, 1886లో జెర్మేనియం దొరికి ఆ గళ్ళు నిండాయి. ఆయన స్ఫూర్తితో నేనూ రెండు ప్రశ్నలు ఖాళీగా వదిలాను. వాటిని నింపడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఫలితాలొచ్చాయి. అమ్మకి కాగితం ఇచ్చాను.

“ఎన్నింటికెన్ని?”

“యాభైకి ముప్ఫై ఎనిమిది.”

ముప్ఫై ఏళ్ళుగా ఆ బజార్లో యాభై చెప్పిన వస్తువును ముప్ఫై ఎనిమిదికి తెచ్చి పండగ చేసుకున్న మనిషి, మొదటిసారి మొహం ముడుచుకుంది.

“యాభై పెట్టి కూసున్నోడు పన్నెండు తగ్గిస్తుంటె, నువ్వు నోరు మూస్కొని ఒచ్చినవా?”