బండి నీళ్లు తాగుతుందట!

తెలుగునాట మోటారు వైద్యంలో ఒక మహావాక్యం ఉంది: "పాత బండి అన్నాక ఆమాత్రం నీళ్లు తాగుతుంది లెండి." ఈ మాట అనడానికి పానా పట్టుకోనక్కర్లేదు, బండి కింద దూరనక్కర్లేదు, చేతికి మడ్డి అంటనక్కర్లేదు. నోట్లో అగ్గిపుల్ల తియ్యకుండానే రోగనిర్ధారణ పూర్తవుతుంది. షెడ్డులో మేస్త్రీ అంటాడు, పక్కన టీ తాగుతున్న డ్రైవరు తలూపుతాడు, బండి యజమాని హమ్మయ్య అనుకుంటాడు. రోగం కాదు, వయసేనట! వయసుకు బిల్లు ఉండదు కదా.

ఈ మహావాక్యం ఎక్కువగా బలి తీసుకున్నది మారుతి వ్యాన్లనే. 1984లో వచ్చి, 1988లో ఓమ్నీ అని పేరు మార్చుకుని, 2019లో తయారీ ఆగేదాకా అది మోయని బరువు లేదు. బడిపిల్లలు, కేటరింగ్ గుండిగలు, పెళ్లి బ్యాండు డప్పులు, ఆస్పత్రికి పోయే రోగులు, సినిమాల్లోనైతే హీరోగారి చెల్లెలు. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి, దానికి ఒళ్లు కాలితే ముందుగా తెలిసేది డ్రైవరు పిర్రలకు. ఇంత సూటి హెచ్చరిక ఖరీదైన కార్లలో కూడా దొరకదు. ఆ హెచ్చరిక విని మనం చేసిందల్లా సీటు వెనక రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్లు పెట్టుకోవడం. ఇవాళ రోడ్ల మీద మిగిలిన పాత వ్యాన్లలో స్టెప్నీ ఉన్నా లేకున్నా ఆ సీసా మాత్రం ఉంటుంది.

సరే, తాగుతోందనే ఒప్పుకుందాం. తాగినవి ఎటు పోతున్నాయి? పెట్రోలుకు ఖర్చు ఉంది, కాలి పొగై పోతుంది. కూలెంటుకు అలాంటి ఖర్చేదీ లేదు. ఇంజన్ లోపలి వేడిని మోసుకుపోయి రేడియేటర్లో గాలికి అప్పగించి, మళ్లీ మోతకు వెనక్కి రావడమే దాని పని. వేడికి ఉబ్బితే రేడియేటర్ మూతలోని వాల్వు తెరుచుకుని, ఎక్కువైనంత మేరకు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి వదులుతుంది. బండి చల్లారాక అదే మూతలోని రెండో చిన్న వాల్వు దాన్ని లోపలికి తెచ్చుకుంటుంది. అందుకే చల్లటి ఇంజన్ మీద చూస్తే డబ్బాలో మట్టం నెలల తరబడి ఇంచుమించు అదే గీత దగ్గర ఉండాలి. గీత దిగుతూ పోయిందంటే చిల్లున్నట్టే. బయటికి కారుతోందా, సిలిండర్లో చేరి ఆవిరై సైలెన్సర్లోంచి పోతోందా, ఆయిల్లో కలుస్తోందా? ఉన్నవి ఈ మూడు దారులే. దాహమనే నాలుగో దారిని ఏ కంపెనీ ఇంజనీరూ ఇంతవరకు ఇంజన్ బ్లాకులో తొలవలేదు.

"కింద ఒక్క చుక్కయినా లేదండీ, ఇక లీకెక్కడ?" అని వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. గట్టి తర్కమే! సన్న చిల్లులోంచి వచ్చిన కూలెంటు మండుతున్న ఇనుము మీద పడి నేల చేరకముందే ఎగిరిపోతుంది. పోతూ పోతూ పైపు మొదట్లోనో, వాటర్ పంపు పొట్ట కిందో తెల్లగానో పచ్చగానో పొక్కులాంటి మరక వదిలిపోతుంది. సంతకం పెట్టి మరీ పోయిన దొంగ అది. కాని ఆ సంతకం చదవాలంటే సీటు ఎత్తాలి, టార్చి వెయ్యాలి, వంగాలి. మహావాక్యానికి నడుం వంచే అలవాటు లేదు.

ఈ సిద్ధాంతం నీడలో కొన్ని మఠాలు వర్ధిల్లుతున్నాయి. మొదటిది పసుపు మఠం. రేడియేటర్లో రెండు చెంచాల పసుపు వేస్తే లీకు ఆగుతుందంటారు. ఆగుతుంది కూడా, అదే వచ్చిన చిక్కు. నీళ్లలో నానిన పొడి చిల్లు దగ్గర పేరుకుని దాన్ని పూడుస్తుంది. కాని పసుపుకు ఏది చిల్లో ఏది దారో తెలియదు. రేడియేటర్ గొట్టాలూ సన్నవే, హీటరు గొట్టాలూ సన్నవే. లీకుతో పాటు వాటినీ ఆశీర్వదిస్తుంది. ఇందులో కోడిగుడ్డు తెల్లసొన పోసే మాంసాహార శాఖ ఒకటుంది. సీసాల్లో అమ్మే లీక్‌స్టాప్ మందు అదే మఠానికి ఇంగ్లీషు మీడియం శాఖ. శ్రీశైలం ఘాట్లో అర్ధరాత్రి ఆగిపోయినవాడు పసుపు వేసి ఊరు చేరితే తెలివైనవాడే. ఊరు చేరాక కూడా దాని మీదే ఏడాది పొడవునా తిరిగేవాణ్ని మాత్రం ఏమనాలో మఠాధిపతులే చెప్పాలి.

రెండోది థర్మోస్టాట్ నాస్తికుల మఠం. "అది చలిదేశాలకు పెట్టిందండీ, మన రెంటచింతల ఎండల్లో ఎందుకు? పీకి పారేద్దాం!" రెంటచింతల ఎండ ఎంత ముదిరినా యాభై డిగ్రీలకు లోపే. ఇంజను హాయిగా పనిచేసేది ఎనభై, తొంభై మధ్య. అంటే వేసవి మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో కూడా ఇంజనుకు ఇంకా చలికాలమే. థర్మోస్టాట్‌లో మైనం ఉంటుంది. సాధారణంగా 82 డిగ్రీల దగ్గరో 88 దగ్గరో అది కరిగి ఉబ్బి వాల్వు తెరుస్తుంది. అది లేకపోతే ఇంజను వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, పెట్రోలు ఎక్కువ తింటుంది, అరుగుదల పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద మేలు, వేడి చూపే ముల్లు కిందికి దిగడం. ముల్లు దిగింది కాబట్టి రోగం కుదిరిందని రెండు చేతులూ దులుపుకోవచ్చు. చిల్లు మాత్రం తన పని తాను చేసుకుపోతుంటుంది.

మూడోది ఫ్యాన్ డైరెక్ట్ మఠం. వేడి చూసి ఫ్యానును తిప్పే స్విచ్చును పక్కకు తోసి, తాళం తిప్పగానే తిరిగేలా తీగ కలిపేస్తారు. లేని నీళ్లకు ఎంతసేపు విసిరినా చల్లబడేదేమీ ఉండదన్న సంగతి ఈ మఠంలో ఇంకా చర్చకు రాలేదు.

మఠాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకునే సూత్రం ఇంకొకటుంది. కూలెంటు దండగ, బోరు నీళ్లు చాలు. "మనకేం గడ్డకట్టే చలా? లంబసింగికి పోయేవాడికి కావాలేమో!" కూలెంటంటే గడ్డకట్టకుండా చూసే మందొక్కటే అనుకుంటే ఆ మాట నిజమే. కాని అది మరిగే మట్టాన్ని కూడా పైకి జరుపుతుంది, తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి లోపలి గోడలకు పొలుసు కడుతుంది. పొలుసు వేడిని దాటనివ్వదు. ఇనుము తుప్పు పడుతుంది, అల్యూమినియం హెడ్డు గుంటలు పడుతుంది, వాటర్ పంపు సీలు అరుగుతుంది, బ్లాకుకు కొట్టిన బిళ్లలను తుప్పు లోపలి నుంచి తినేసి ఒకరోజు చిల్లు పెడుతుంది. లీకయిందని నీళ్లు పోస్తాం, ఆ నీళ్లే ఇంకో లీకును తయారుచేస్తాయి. పోసిన చెయ్యి పోస్తూనే ఉంటుంది. ఇంత పట్టుదల మన తాగునీటి పథకాల్లో ఉంటే ఏ ఊళ్లోనూ కుళాయి ఎండేది కాదు.

మూత సంగతీ చెప్పుకోవాలి. దాని మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది. అది అలంకారానికి చెక్కింది కాదు, లోపల నిలబడాల్సిన ఒత్తిడి. బయట నూరు డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు 0.9 మూత కింద దాదాపు 118 దాకా మరగవు. సగం కూలెంటు కలిస్తే ఇంకా పైకి పోతుంది. మూతలోని రబ్బరు ఎండి పగిలితే ఆ రక్షణంతా పోతుంది, నీళ్లు మరిగి డబ్బాలోంచి రోడ్డు పాలవుతాయి. రేడియేటర్ సామాన్లలో ఇంత చవకైన వస్తువు మరొకటి దొరకదు. అందుకే దాన్నెవరూ అనుమానించరు. చవక వస్తువును అనుమానిస్తే మేస్త్రీకి మర్యాద ఉండదు, యజమానికి నమ్మకం కుదరదు. కొందరు వీరులు మాత్రం బండి ఆపిన మరుక్షణం మసిగుడ్డ వేసి మూత తిప్పుతారు. మూత బాగుంటే ముఖం కాలుతుంది. అదొక్కటే మన షెడ్లలో చేసే మూత పరీక్ష.

ఇలా రెండేళ్లు దాహం కథ నడిచాక ఒక శుభముహూర్తాన అదే మేస్త్రీ నోట కొత్త మహావాక్యం వెలువడుతుంది: "హెడ్డు పోయింది సార్, దింపాలి." నిన్నటిదాకా ఏమీ లేదు, ఇవాళ అంతా పోయింది. రెంటికీ మధ్య ఒక్క పరీక్షయినా జరగలేదు. హెడ్డు దిగుతుంది, ఫేసింగ్‌కు పోతుంది, కొత్త ప్యాకింగ్ పడుతుంది, రాణిగంజ్ నుంచో విజయవాడ ఆటోనగర్ నుంచో సామాను వస్తుంది. బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. వారానికి డబ్బాలో గీత మళ్లీ దిగుతుంది. కారుతున్నది వాటర్ పంపు కన్నంలోంచి! సీలు చెడితే బయటపడాలని కంపెనీవాడు పనిగట్టుకుని పెట్టిన కన్నం అది. చూసేవాళ్లు లేక పాపం అది రెండేళ్లుగా ఎండలో సాక్ష్యం చెబుతూనే ఉంది.

నిజంగానే హెడ్డు ప్యాకింగ్ పోయి ఉండవచ్చు. మట్టం పడిపోయిన బండిని తోలుతూ పోతే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. ఒంపు 0.05 మిల్లీమీటర్లు దాటితేనే ఒప్పుకోని ఇంజన్లున్నాయి. నీళ్లు మరీ అడుగంటితే ముల్లుకు కబురు చెప్పే సెన్సారు ఖాళీలో వేలాడుతూ అంతా చల్లగా ఉందని రాసిపంపవచ్చు. కాబట్టి అనుమానం తప్పు కాదు. అనుమానాన్నే తీర్పుగా చదవడం తప్పు.

తీర్పుకు ముందు విచారణ ఎంతసేపు పడుతుందో చూడండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి, దాని స్థానంలో గేజీ ఉన్న చేతిపంపు బిగించి, మూత మీది అంకె దాకా గాలి కొట్టి ఓ పావుగంట ఆగాలి. గేజీ ముల్లు నిలిస్తే ఒక సంగతి, దిగితే ఇంకో సంగతి. దిగితే పైపుల చివర్లు, క్లిప్పులు, రేడియేటర్ అంచులు, పంపు కన్నం, బ్లాకు బిళ్లలు, ముందున్న రేడియేటర్ నుంచి సీట్ల కింది ఇంజన్ దాకా పోయే పొడవాటి గొట్టాలు వరసగా చూడాలి. తడి తనే కనిపిస్తుంది. బయటంతా పొడిగా ఉంటే ప్లగ్గులు విప్పాలి. మిగతావాటి కన్నా కడిగినంత తెల్లగా ఉన్న ప్లగ్గు ఏ సిలిండరుదో అక్కడ అనుమానం. ఆయిల్ పుల్ల మీద పాల టీ రంగు నురగ ఉందా? రేడియేటర్ మూతి దగ్గర పట్టిన నీలం మందు, ఇంజన్ పొగ తగిలి పసుపు పచ్చగా మారిందా? మారితే అప్పుడు దింపండి హెడ్డు, ఎవరూ కాదనరు. పని అయ్యాక కూలెంటు పోసి, బండి ముక్కు ఎత్తుగా పెట్టి, లోపలి గాలి బుడగలు పోయేదాకా నడపాలి. దీనికి జర్మనీ యంత్రాలు, ఇంజనీరింగ్ పట్టాలు అక్కర్లేదు. ఓపిక కావాలి.

ఆ ఓపికకు ధర కట్టడానికి మనం సిద్ధంగా లేం. మేస్త్రీని ఇందాకటి నుంచీ ఉతికి ఆరేశాను గాని, ఆయన మన చేతుల్లో తయారైన సరుకే. రేడియేటర్ మార్చి వేలల్లో బిల్లు వేస్తే, పాత రేడియేటర్ ఇంటికి తెచ్చుకుని తృప్తి పడతాం. గంటసేపు వెతికి, క్లిప్పు బిగించి, రెండొందలు అడిగినవాణ్ని మాత్రం "చూసినందుకు కూడా డబ్బులా?" అని ఊరంతా చెప్పుకుంటాం. వెతికితే తిట్లు, మారిస్తే నోట్లు. అలాంటప్పుడు ఆయన వెతకడం మానేసి మార్చడం నేర్చుకున్నాడు. మార్చడానికేమీ లేని రోజున వయసు మీద తోసేయడం నేర్చుకున్నాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

కనక ఈసారి షెడ్డుకు పోయినప్పుడు బిల్లులో "లీకు వెతికినందుకు" అని ఒక వరుస మీరే రాయించండి. ఎదురుగా కూలి వెయ్యమనండి, బేరమాడకుండా ఇవ్వండి. ఆ వరుస లేని బిల్లు ఎంత పొడుగ్గా ఉన్నా అందులో మీ లీకు ఖరీదు మాత్రం ఉండదు. అది తర్వాతి బిల్లులో వస్తుంది.